అమావాస్యనాడు పడ్డ క్రాపీ

ముందే చెప్పేస్తున్నాను, గొప్పలు చెప్పుకోవడమంటే నాకు ఇష్టం. చేతిలో విద్య ఉన్నప్పుడు మనం చెప్పుకోకపోతే ఎవరొచ్చి చెబుతారు? న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మా టౌన్‌హౌస్‌కి రెండు మైళ్ల దూరంలో ఒక చెరువుంది. చీకటి పడ్డాక ఆ చెరువులో క్రాపీ చేపని గాలానికి పట్టడంలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో నన్ను మించినవాళ్లు లేరు. నిజం చెప్పాలంటే, తెలుగువాళ్లలో అక్కడ గాలం వేసేదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఫస్టు ఫస్టే కదా.

క్రాపీ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అరచెయ్యంత మొదలుకొని జానెడున్నర దాకా పెరిగే వెడల్పాటి, పల్చటి చేప. వెండిరంగు ఒంటి మీద నల్లటి చుక్కలు. ఎండాకాలం పగలంతా లోతులో, మునిగిపోయిన చెట్టుకొమ్మల మధ్య నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక పైకొస్తుంది. చెరువులోకి కట్టిన చెక్కల డాక్ చివర కూర్చుని నీళ్లలోకి పచ్చలైటు ఒకటి దింపితే, ముందు పురుగులు చేరతాయి. వాటి కోసం చిన్న చేపపిల్లలు వస్తాయి. వాటి కోసం క్రాపీలు, క్రాపీల కోసం నేను. ఇందులో రహస్యమేమీ లేదు.

రహస్యమల్లా దాని నోట్లో ఉంది. ఉల్లిపొరంత పల్చటి నోరు. నేను గాలం వేయడం నేర్చుకున్నది కృష్ణా కాలవ గట్టున, మా మేనత్త దగ్గర. ఆవిడ నాకు నేర్పింది కొర్రమీనుని పట్టడం. కొర్రమీను ఎర మింగిందంటే భుజం ఊడొచ్చేలా గుంజాలి, లేకపోతే నాచులో దూరి కూర్చుంటుంది. అదే చేత్తో ఇక్కడికొచ్చి మొదటి రెండు నెలలూ క్రాపీని గుంజాను. గాలం ఎగిరొచ్చి నా టోపీకి తగులుకునేది. దాని కొసన పెదవి తునక తప్ప ఇంకేమీ ఉండేది కాదు. డాక్ మీద రోజూ పక్కన కూర్చునే తెల్లగడ్డం అమెరికన్ పెద్దాయన ఒకరు ఇక చూడలేక, "దాని మీద నీకేమైనా పగా? లాగొద్దు, ఊరికే పైకెత్తు" అన్నారు.

కోపం ముక్కు మీద ఉండే మనిషిని. ఊరికే పైకెత్తడం వంటపట్టడానికి నాకు ఏడాది పట్టింది. వంటపట్టాక మాత్రం చూడాలి నన్ను. క్రాపీ ఎరని కింది నుంచి పైకి వచ్చి అందుకుంటుంది, అందుకని ఒక్కోసారి బెండు మునగదు, తేలి పక్కకి వాలిపోతుంది. ఆ వాలడం చూసి, ఊపిరి బిగబట్టి, రెండు వేళ్లతో గాలం రాడ్ కొసని లేపుతానే, ఆ క్షణంలో నా అంత నెమ్మదైన మనిషి న్యూజెర్సీలో ఉండదు. మా ఆయన ఈ మాట ఒప్పుకోరు, ఆయన నన్ను ఎప్పుడూ ఇంట్లోనే చూస్తారు కాబట్టి.

ఇక ఇంటి సంగతి. మా ఆయన, ఆయన తరఫు వాళ్లంతా గుడ్డు కూడా ముట్టనివాళ్లు. నేను చేపల పులుసు లేనిదే ఆదివారం కాని ఇంటి పిల్లని. ఎవరినీ అడక్కుండా చేసుకున్న పెళ్లి, ఇరవై రెండేళ్లయింది. పెళ్లయిన కొత్తలోనే నాకు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. చేప ఎప్పుడూ ఇంటి వంటింట్లోకి రాదు. ఇంటి వెనక పేషియోలో కరెంటు పొయ్యి, దానికి వేరే గిన్నెలు, వేరే గరిటె. చేప వండిన రోజు తలస్నానం చేశాకే లోపలి పొయ్యి ముట్టుకుంటాను. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మా మామయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక ఏటా ఆరు నెలలు మా దగ్గరే ఉంటున్నారు. నన్ను "అమ్మాయ్" అని తప్ప పిలిచి ఎరగరు. మా పెళ్లికి అడ్డుపడలేదు, ఆ తర్వాత ఒక్కరోజు కూడా సాధించలేదు. కానీ కోడలు చేపలు తింటుందన్న సంగతి ఆయన తన వైపు చుట్టాల్లో ఒక్కరికీ చెప్పలేదు. "మా కోడలు గుత్తివంకాయ చేసిందంటే చేతులు కడుక్కోబుద్ధి కాదు" అని ఫోన్లో వాళ్ల చెల్లెలికి చెప్పడం నేనే ఎన్నిసార్లు విన్నానో. వంకాయ కూర ఎవరైనా చేస్తారు. ఆఫీసులో నేను చేసే టెస్టింగ్ పనీ ఇంకో వెయ్యిమంది చేస్తారు. ఈ భూమ్మీద నాకు అందరికంటే బాగా వచ్చిన పని ఒక్కటే, దాన్ని మాత్రం ఆయన మూత పెట్టి దాచారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నలుగురిలో ఆయన నోట ఆ మాట వినాలని నాకుండేది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చాలా ఉండేది.

మామయ్యగారు డాక్ మీదికి రావడం అనుకోకుండా జరిగింది. జూన్‌లో ఒక సాయంత్రం మా ఆయనకి ఆన్‌కాల్. నేను బకెట్టూ రాడ్డూ కార్లో పెట్టుకుంటుంటే గరాజ్‌లోకి వచ్చి గొణుగుడు మొదలుపెట్టారు.

"చీకట్లో ఒక్కదానివే డ్రైవ్ చేసుకుని వెళ్తావా? వీకెండ్ వెళ్దాం, నేనూ వస్తాగా."

"లాస్ట్ వీకెండ్ కూడా ఇదే చెప్పావు. లాప్‌టాప్ పట్టుకొచ్చి దోమల్ని కొడుతూ కూర్చున్నావు. ఆ చప్పుడుకి చేపలన్నీ పెన్సిల్వేనియా పోయాయి."

వెనకనుంచి మామయ్యగారు, మఫ్లర్ చుట్టుకుని, చేతిలో టార్చితో, "నేను వెళ్తాలేరా. పద అమ్మాయ్" అన్నారు.

ఆ రోజు నాకు పది అడుగుల దూరంలో మడత కుర్చీ వేసుకుని, బకెట్టు వైపు వీపు పెట్టి కూర్చున్నారు. ఫోన్లో విష్ణుసహస్రనామం చిన్నగా పెట్టుకున్నారు. రెండో వారానికి కుర్చీ కొంచెం పక్కకి తిరిగింది. మూడో వారానికి పూర్తిగా నీళ్లవైపు తిరిగింది. ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పిన బుర్ర, కళ్లముందు ఇంత జరుగుతుంటే ఊరుకుంటుందా? ఒకరోజు ఉన్నట్టుండి అన్నారు.

"అమ్మాయ్, నువ్వు ఎరని లైటు మధ్యలో వేస్తున్నావు. చిన్న చేపలు మధ్యలో ఉన్నాయి, నిజమే. పెద్దవి లోపలికి రావట్లేదు. వెలుతురు ఎక్కడ అయిపోతుందో అక్కడ, ఆ చీకట్లో కాచుక్కూచున్నాయి."

ఎరని రెండడుగులు అవతలికి వేశాను. బెండు నీళ్లకి తాకీ తాకకముందే వాలింది. "థాంక్స్ మామయ్యగారూ" అన్నాను. ఆయన గొంతు సవరించుకుని సహస్రనామం సౌండు పెంచారు.

ఆయన దగ్గర ఉజ్జాయింపులు సాగవు. "ఇంచుమించు అడుగుంది మామయ్యగారూ" అంటే "పదకొండుంపావు, నీ స్కేలు కనపడుతూనే ఉంది" అనేవారు. అరమార్కు కోసం పిల్లల్ని ఏడిపించిన మాస్టారని మా ఆయన ఊరికే చెప్పరు. ఇక్కడి రూలు ప్రకారం ఉండాల్సిన కొలతకి తక్కువున్న చేప పడితే నేను నీళ్లలోకి వదిలేదాకా కళ్లార్పకుండా చూసేవారు. ఇండియానుంచి తెచ్చుకున్న పంచాంగం ముందేసుకుని ఏ తిథినాడు ఎన్ని పడ్డాయో కూడా ఆలోచించడం మొదలుపెట్టారు. "మొన్న దశమి. పైన అంత వెన్నెల పెట్టుకుని నీ బుల్లి లైటు దగ్గరికి అవి ఎందుకొస్తాయి? బహుళ పక్షంలో చూడు. ఆ లెక్కన అమావాస్యనాడు..." అని ఆగిపోయారు. అమావాస్యనాడు మావాళ్లు గడప దాటి ఏ పనీ మొదలుపెట్టరు. పైగా ఆరోజు ఆయనకి పొద్దున్న తర్పణాలుంటాయి. ఇద్దరం ఆ మాట అక్కడితో వదిలేశాం.

నాకు ఎంత సంతోషంగా ఉండేదో! జూలై వచ్చేసరికి, ఇంక ఆ ఒక్క మాటే తరువాయి అనుకున్నాను.

మా కమ్యూనిటీలో పిల్లల దగ్గరికొచ్చిన పెద్దాళ్లు ఒక నలుగురున్నారు. పొద్దున్నా, రాత్రి భోజనాలయ్యాకా కలిసి వాకింగ్ చేస్తారు. మామయ్యగారూ పొద్దుటిపూట వాళ్లతో నడుస్తారు. వాళ్లకి ముందు నడిచేది వరంగల్‌లో బ్యాంకు మేనేజరుగా చేసిన ఒక పెద్దమనిషి, గట్టి గొంతు. ఒకరోజు రాత్రి నడకని చెరువు దాకా పొడిగించినట్టున్నారు. పచ్చలైటు చూసి డాక్ మీదికొచ్చారు. నేను తలకి లైటు కట్టుకుని, టోపీ దించుకుని, వాళ్లకి వీపు పెట్టి ఉన్నాను. నా వెనక కుర్చీ కిర్రుమంది. మామయ్యగారు లేచి, గబగబా వాళ్లకి ఎదురెళ్లారు.

"సార్, మీరు ఈడున్నరా! ఏంది ఆ లైటు?"

"ఏం లేదండీ, ఊరికే గాలికని వచ్చాను."

"ఆ చేపలు పట్టే అమ్మాయెవరు? మనోళ్లేనా?"

 మామయ్యగారి గొంతు, చాలా మర్యాదగా: "ఏమోనండీ. తెలియదు."

సరిగ్గా అప్పుడే నా బెండు వాలింది. గుంజాను. కొర్రమీనుని గుంజినట్టు గుంజాను. ఉత్త గాలం వచ్చింది.

ఇంటికొచ్చేటప్పుడు ప్రతి స్టాప్ సైన్ దగ్గరా బ్రేకు మీద కసి తీర్చుకున్నాను. గరాజ్‌లో ఇంజిన్ ఆపి, ముందుకే చూస్తూ అన్నాను. "నేనెవరో తెలియదన్నారు కదా మామయ్యగారూ. తెలియనిదాని కారెక్కి ఇంత దూరం ఎలా వచ్చారు?" ఇరవై రెండేళ్లలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన సీటు బెల్టు కూడా తీయకుండా అలాగే కూర్చున్నారు. నేను బకెట్టు తీసుకుని దిగిపోయాను. రాత్రంతా ఏడ్చాను, కోపంతో సగం, అన్నందుకు సగం.

ఆ తర్వాత రెండు వారాలు ఒక్కదాన్నే వెళ్లాను. మామయ్యగారు రాలేదు, నేను పిలవలేదు. ఇంట్లో కాఫీ, భోజనం, మందులు, అన్నీ వేళకి జరిగాయి. మాటలే పొదుపుగా నడిచాయి. డాక్ మీద నా పని మరీ అన్యాయం. బెండు వాలగానే "ఏమోనండీ, తెలియదు" అన్న మాట చెవిలో మోగేది, చెయ్యి దానంతటదే గుంజేసేది. ఒక్క రాత్రి ఏడు పెదవులు చింపాను. తెల్లగడ్డం పెద్దాయన తన కుర్చీ కాస్త దూరం జరుపుకున్నారు.

ఆగస్టులో అమావాస్య వచ్చింది. పొద్దున్నే మామయ్యగారు తర్పణాలు వదిలారు. రాత్రి ఆయనకి అన్నం ఉండదని ఉప్మా చేసి పెట్టాను. తినేసి, ప్లేటు సింకులో పెట్టి, మఫ్లర్ చుట్టుకుని నా ముందు నిలబడ్డారు.

"చీకటి పడుతోంది. వెళ్లట్లేదా అమ్మాయ్?"

"అమావాస్య కదా మామయ్యగారూ."

"ప్రయాణాలు చేయకూడదన్నారు. రెండు మైళ్లు ప్రయాణమేమిటి?"

"కొత్త పనులు కూడా మొదలుపెట్టకూడదు."

"పాత పనేగా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, కానీ బెట్టు పోలేదు. తాళాలు తీసుకున్నాను.

ఆయన లెక్క నూటికి నూరుపాళ్లు నిజమైంది. పైన నక్షత్రాలు తప్ప వేరే వెలుగు లేదు. నీళ్లలో నా లైటు ఒక్కటే పచ్చగా, గుండ్రంగా ఉంది. ఇరవై నిమిషాల్లో చిన్న చేపలు గుంపులుగా చేరి సుళ్లు తిరగడం మొదలుపెట్టాయి. వెలుతురు అంచుకి ఎర వేశాను. బెండు వాలింది. ఈసారి పక్కన ఆయన కుర్చీ ఉంది, చెవిలో ఏ మాటా మోగలేదు. పైకెత్తాను. వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ వచ్చింది. ఐదు పడేసరికి రెండు వారాల కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

ఆరోది తగిలినప్పుడు రాడ్ కొస నీళ్లదాకా వంగిపోయింది. అంత బరువు నేను అంతకుముందు ఎరగను. అలాంటిదాన్ని దారంతో డాక్ మీదికి ఎత్తితే నోరు చిరిగి పోతుంది. కింద చేతివల పట్టాల్సిందే. తెల్లగడ్డం పెద్దాయన ఆ రోజు రాలేదు. నా రెండు చేతులూ రాడ్ మీదున్నాయి. అదే సమయానికి వెనక డాక్ చెక్కల మీద బూట్ల చప్పుడు, దాంతోపాటు ఆ గట్టి గొంతు.

"అరే సార్, మళ్ల ఈడనే ఉన్నరా?"

 నా భయం చేప పోతుందని కాదు. మామయ్యగారు లేచి మళ్లీ వాళ్లకి ఎదురెళతారని. వెనక్కి తిరిగి చూసే వీల్లేదు. కుర్చీ కిర్రుమంది.

"మామయ్యగారూ, వల!" అన్నాను. గట్టిగానే అన్నాను. అక్కడున్న అందరికీ వినపడేలా అన్నాను. ఇప్పుడు తెలియదనండి చూద్దాం, అన్న మొండితనం కూడా అందులో ఉంది, దాచనక్కర్లేదు.

ఆయన నా పక్కకొచ్చారు. పొద్దున్న తర్పణాలు వదిలిన మనిషి, జన్మలో చేప గిన్నె కూడా ముట్టనివాడు, డాక్ అంచున మోకాళ్ల మీద కూర్చుని చేతివలని నీళ్లలోకి దింపారు. చేప వెంట పడలేదు. నేను ఒక్క ముక్క చెప్పక్కర్లేకపోయింది. తెల్లగడ్డం పెద్దాయన వల ఎలా పడతారో నెలరోజులు చూశారు కదా, అలాగే వలని కదలకుండా ముంచి ఉంచి, "తీసుకురా అమ్మాయ్, నెమ్మదిగా. లాగకు, లాగకు, నడిపించు" అన్నారు. నడిపించాను. వలమీదికి రాగానే పైకెత్తారు. నీళ్లు కారిపోతూ, వలలో వెడల్పాటి వెండి చేప టపటపా కొట్టుకుంది. "పడింది!" అని అరిచారు. ఆయన అరవగా నేను వినడం అదే మొదటిసారి.

బ్యాంకు మేనేజరుగారు ఫోన్ లైటు వేసి చూశారు. చేపని, మామయ్యగారి తడిసిన పంచెని, నన్ను. "ఎవరు సార్ ఈ అమ్మాయి?"

"మా కోడలు."

"మరి ఆనాడు తెల్వదన్నరు గద సార్?"

మామయ్యగారు లేచి నిలబడ్డారు. వల ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఆ రోజు తప్పు చెప్పానండీ" అన్నారు. నలుగురి ముందూ, హెడ్మాస్టరు గొంతుతో, స్పష్టంగా. "ఈవిడ మా పెద్ద కోడలు. ఈ చేపని పట్టడం అందరివల్లా కాదు. దీని నోరు చాలా పల్చన. గుంజితే చిరుగుతుంది, వదిలేస్తే జారిపోతుంది. మధ్యలో ఎక్కడో పట్టు ఉంటుంది, అది ఈవిడకి తెలుసు." తర్వాత లైటు గురించి, వెలుతురు అంచు గురించి, అమావాస్య గురించి పావుగంట పాఠం చెప్పారు. ఆ నలుగురూ చేతులు కట్టుకుని విన్నారు. వాళ్లలో ఒకాయన డౌటు కూడా అడిగారు.

నేను స్కేలు తీసి చేపని కొలుస్తున్నాను. కళ్లలో నీళ్లకి అంకెలు కనపడలేదు. తలకున్న లైటు వంగి ఉండటం వల్ల నా మొహం ఎవరికీ కనపడలేదు, అదొక్కటే నయం. మూడోసారికి కుదిరింది. పధ్నాలుగున్నర అంగుళాలు. ఆ చెరువులో అంతకంటే పెద్దది నాకు ఇప్పటిదాకా పడలేదు. మామయ్యగారు వంగి స్కేలు చూసి, "పధ్నాలుగున్నర. సరిగ్గా" అని వాళ్లకి ప్రకటించారు.

మర్నాడు ఆదివారం. పేషియోలో పులుసు మరుగుతోంది. అమావాస్య అయిపోయినంత మాత్రాన మామయ్యగారేమీ మారిపోలేదు. "వాసన ఇటొస్తోంది అమ్మాయ్, ఆ తలుపు వెయ్యి" అన్నారు. లేచి వెళ్లి తలుపు వేశాను గానీ, ఒక బెత్తెడు సందు ఉంచాను, ఆయన హాల్లో వాళ్ల చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు కాబట్టి. ఫోను స్పీకర్లో ఉంది, అవతలి మాటా వినపడుతోంది.

"చేపా! అదేంటన్నయ్యా, మన ఇంట్లోనా?"

"చేపే. మా కోడలు పట్టింది. ఇక్కడివాళ్లే పట్టలేరు దాన్ని. రాత్రిపూట లైటు వేసి, నోరు చిరక్కుండా పట్టాలి. వల నేను పెట్టాననుకో."

"ఎంత ఉందేమిటి?"

నేను గరిటె ఆపి విన్నాను. ముప్పై ఆరేళ్లు అరమార్కు ఎవరికీ ఊరికే వేయని మా మామయ్యగారు ఒక్క క్షణం ఆగి, "పదహారు అంగుళాలు" అన్నారు.

నేను సరిదిద్దలేదు.